లోతు తక్కువ నీళ్ళు

పొట్టికి ఆ పేరు పెట్టింది అక్క. తల్లి పోయిన వారానికి, అటక మీది గిన్నె అందక ఎగిరెగిరి దూకుతున్న ఆరేళ్ళ చెల్లెల్ని చూసి, పదిహేనేళ్ళ అక్క ఆ ఇంట్లో మళ్ళీ మొదటిసారిగా నవ్వి, "ఓసి పొట్టీ" అంది. తర్వాత పొట్టి అక్క కంటే జానెడు పొడుగు ఎదిగింది. రసాయనశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకుంది. కాలేజీలో లెక్చరరయింది. పేరు మాత్రం ఎదగలేదు.

కాలేజీలో పిల్లలు పెట్టిన పేరు వేరు. వాళ్ళకి ఆవిడ తొక్కల మేడం. బస్టాండు పక్కన పళ్ళరసం దుకాణంలో పోగయిన బత్తాయి తొక్కలు, నారింజ తొక్కలు, అనాస చెక్కు రెండు గోనెసంచుల నిండా స్కూటరుకి కట్టుకుని రోజూ పొద్దున్నే ఆవిడ గేట్లోంచి వచ్చేది. సంచుల్లోంచి కారిన రసం గేటు నుంచి ప్రయోగశాల దాకా ఒక గీత గీసేది. ఆ గీత వెంట ఈగలు వచ్చేవి. "మేడం గారు ఈ పూట వచ్చారా?" అని ఎవరైనా అడిగితే, "ఈగలు వచ్చాయిగా" అనేవాడు గేటు దగ్గరి వాచ్‌మన్.

ఆ తొక్కల్ని రుబ్బి, ఉడకబెట్టి, చల్లార్చి, అందులో ఆవిడ సూక్ష్మజీవుల్ని వదిలేది. వాటిని పట్టుకొచ్చింది ఎక్కడి నుంచో కాదు, లారీలు బాగుచేసే షెడ్డులో ఏళ్ళ తరబడి నూనె ఇంకిన మట్టి లోంచి. అవి తొక్కల్లోని తీపి తిని, ఐదు రోజుల్లో తెట్టెకట్టిన నురగలా ఒక పదార్థాన్ని వదిలేవి. దాన్ని వడకట్టి, తొక్కల నుంచి తీసిన నూనె కొంచెం కలిపితే లేత టీ రంగులో ఒక ద్రవం తయారయ్యేది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మీద నల్లటి ఓడనూనె ఒక చెంచాడు వేసి, ఆ ద్రవం నాలుగు చుక్కలు విదిలిస్తే, నూనె ముద్ద చెదిరి, కంటికి ఆననంత చిన్న బొట్లయి నీళ్ళలో కలిసిపోయేది. అలా విడిపోయిన నూనెని సముద్రంలోని సూక్ష్మజీవులు తేలిగ్గా తినేస్తాయి. పొట్టి పనంతా ఇదే. తొమ్మిదేళ్ళుగా ఇదే.

తొమ్మిదేళ్ళ కిందట ఎందుకు మొదలుపెట్టిందంటే, అక్క కాళ్ళ కోసం.

ఆ ఊళ్ళో ఉప్పుటేరు సముద్రంలో కలిసే ముందు వెడల్పుగా పరుచుకుంటుంది. ఆటు సమయంలో నీళ్ళు తీసేస్తే పెద్ద బురదమేట బయటపడుతుంది. ఆ మేటలో ఆల్చిప్పలు ఉండేవి. ఇరవై మంది ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో దిగి వాటిని ఏరేవారు. వాళ్ళలో అక్క ఒకతె. బురద మీద పక్కపక్కన రెండు చిన్న కన్నాలు కనిపిస్తే కింద చిప్ప ఉన్నట్టే. అక్కకి ఆ కన్నాలు కూడా అక్కర్లేదు. నడుస్తూ నడుస్తూ కాలి బొటనవేలితో పసిగట్టేది. అలా ఏరిన చిప్పలతోనే పొట్టి బడికెళ్ళింది, హాస్టల్లో ఉంది, ఊరు కాని ఊళ్ళో ఐదేళ్ళు పరిశోధన చేసింది.

ఒక ఏడాది ఎక్కడో కాస్త నూనె ఒలికితే, ఎవరో వచ్చి ఏదో మందు చల్లిపోయారు. అది తగిలి చిప్పల ఆడవాళ్ళ కాళ్ళు మోకాళ్ళ దాకా బొబ్బలెక్కాయి. అక్క రెండు కాళ్ళకీ ప్లాస్టిక్ సంచులు కట్టుకుని మర్నాడు మళ్ళీ మేటలోకి దిగింది. అది చూసిన పొట్టి, "ఒంటికి తగిలినా ఏమీ కాని మందు నేను చేస్తానక్కా" అంది.

"చెయ్యి, చెయ్యి. ముందు ఆ సంచి ముడి గట్టిగా బిగించు" అంది అక్క.

మొదటి డబ్బా తయారైనప్పుడు పొట్టి దాన్ని అక్క ఇంటికే తీసుకెళ్ళింది. అక్క ముందు తన చెయ్యి గంటసేపు అందులో ముంచి ఉంచి చూపించింది. ఏమీ కాలేదు. అక్క ఆ డబ్బాని వంటింట్లో పెట్టుకుంది. వారం తర్వాత అడిగితే, "ఓడనూనె సంగతి నాకు తెలీదు గానీ, గిన్నెల జిడ్డు మాత్రం భలే వదిలిస్తోందే. ఇంకో డబ్బా ఇవ్వు" అంది. బావ అయితే తన లాంచీ ఇంజన్ తుడవడానికి అడిగాడు. బావ లాంచీ సరంగు. ఏటికి అటువాళ్ళని ఇటూ ఇటువాళ్ళని అటూ చేరవేస్తాడు. మాట తక్కువ మనిషి. "చెల్లెమ్మ చదువు వృథా పోలేదు" అన్నాడు ఆ రోజు. ఆయన నోట అంత పెద్ద పొగడ్త పొట్టి మళ్ళీ వినలేదు.

ప్రయోగాలన్నీ బాగానే జరిగాయి. గాజు పాత్రల్లో జరిగాయి, తొట్టెల్లో జరిగాయి, చివరికి కాలేజీ వెనక మనిషి లోతు ట్యాంకులో జరిగాయి. చేపపిల్లలు బతికాయి. ఇక సముద్రంలో చూడాలి. దానికి అనుమతి కావాలి. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కాదన్నారు. ఆరు బారల కంటే, అంటే ఆరుగురి నిలువెత్తు కంటే, తక్కువ లోతులో ఇలాంటి మందులేవీ వాడకూడదన్నది ఆ శాస్త్రంలో అందరికీ తెలిసిన నియమం. లోతు నీళ్ళలో నూనె బొట్లు నలువైపులా చెదిరి పలచబడతాయి. లోతు లేకపోతే అవి వెళ్ళడానికి చోటుండదు, అడుగునున్న ప్రాణుల మీదికే దిగుతాయి. పొట్టి ఈ మాట తన నోటుపుస్తకంలో తనే రాసుకుంది. పిల్లలకి పాఠంగా కూడా చెప్పింది.

*

ఆ రోజు పొట్టి తరగతిలో ఉండగా ఫోను మోగింది. అక్క ఆ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యదు. పొట్టి బోర్డు దగ్గర సుద్దముక్క పెట్టి బయటికొచ్చింది.

"పొట్టీ, ఏట్లోకి నూనె వచ్చేసిందే."

"ఎంత?"

"ఎంతంటే ఏం చెప్పను? నీళ్ళు కనబట్టం లేదు."

నూనె మోసుకెళ్ళే పడవ ఒకటి వంతెన స్తంభానికి రాసుకుని పక్క చీలిందట. పోటు మీద ఉన్న సముద్రం ఆ నూనెనంతా ఏట్లోకి తోసింది. పొట్టి వెళ్ళేసరికి గట్టు మీద జనం గుమిగూడి ఉన్నారు. ఏరు అవతలి ఒడ్డు దాకా నల్లగా, దళసరిగా, మెరుస్తూ ఉంది. అలలు లేవు. అలలు కూడా నూనె బరువుకి అణిగిపోయాయి. వాసనకి కళ్ళు మండాయి. చిప్పల ఆడవాళ్ళు చీరకొంగులు ముక్కులకి అడ్డంపెట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ గొంతు ఏటికి అటువైపు కూడా వినిపిస్తుంది కాబట్టి ఆవిడ్ని అందరూ మైకు అంటారు. ఆ రోజు మైకు కూడా గుసగుసగా మాట్లాడుతోంది.

బావ లాంచీ దిగొచ్చాడు. "నీళ్ళ మీద తేలే అడ్డుకట్టలేవో తెస్తారట. రేపు పొద్దుటికట" అన్నాడు.

"రేపటికి ఏముంటుంది?" అంది అక్క. "ఇంకో రెండు గంటల్లో ఆటు మొదలవుతుంది. నీళ్ళు తీస్తే ఈ నూనంతా మేట మీద కూర్చుంటుంది. పొట్టీ, నీ మందెంతుంది?"

"ఇరవై డబ్బాలుంది."

"తెచ్చి చల్లు."

పొట్టి నీళ్ళ వైపు చూసింది. పోటు నిండుగా ఉన్నా ఆ ఏటి లోతు ఎంతో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు ఆ నీళ్ళలోనే అక్క భుజాల మీద కూర్చుని ఇటు నుంచి అటు వెళ్ళేది. అక్క మెడ కూడా మునిగేది కాదు.

"అక్కా, ఇక్కడ లోతు తక్కువ…" అంది.

"లోతు సంగతి నాకు తెలీదే. పనిచేస్తుందా, చెయ్యదా? అది చెప్పు."

మాటలు వినబడనంత ఎడంగా నిలబడ్డ ఆడవాళ్ళంతా పొట్టి ముఖం కేసి చూస్తున్నారు. ఆ క్షణంలో తనకి ఏమనిపించిందో పొట్టి ఆ తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకుంది. భయమేసింది, నిజమే. కానీ భయం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. తొమ్మిదేళ్ళుగా పళ్ళేల్లో, తొట్టెల్లో చెంచాలతో పోసుకున్న నూనె ఇప్పుడు ఏరంతా ఉంది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, కళ్ళెదురుగా ఉంది. ఒక్కసారి, ఒక్కసారి చూడాలి. చేపపిల్లల్ని పెట్టి చూసింది గానీ ఆల్చిప్పల్ని పెట్టి ఎప్పుడూ చూడలేదన్న సంగతి కూడా ఆమెకి అప్పుడే తట్టింది. తట్టి, పక్కకి తప్పుకుంది.

"పనిచేస్తుంది" అంది పొట్టి.

ఆ తర్వాత అంతా పరుగులే. పూలమొక్కలు పెంచే ఆయన దగ్గర వీపుకి తగిలించుకునే పిచికారీ డబ్బాలు ఎనిమిది దొరికాయి. ఆడవాళ్ళు రెండు నాటుపడవల మీద ఎక్కి చల్లడం మొదలుపెట్టారు. మందు చల్లిన చోట నీళ్ళని కలియబెట్టాలి కాబట్టి బావ లాంచీని అటూ ఇటూ తిప్పాడు. లాంచీ వెళ్ళిన దారిలో నల్లటి నూనె చిరిగింది. చిరిగి, గోధుమరంగు మబ్బులా మారి, కిందికి దిగిపోయింది. ఆ దారిలో మామూలు నీళ్ళు కనిపించాయి. వాటి మీద ఎండ పడి మెరిసింది.

"నీళ్ళే! నీళ్ళు కనబడుతున్నాయే!" అని మైకు తన అసలు గొంతుతో అరిచింది.

గంటన్నరలో ఏరు తేటపడింది. నారింజ తొక్క వాసన గట్టు మీద దాకా వచ్చింది. అక్క పడవ దిగి, నూనె మరకల చేతులతోనే పొట్టిని కావలించుకుంది. "అమ్మ ఉంటే చూసేది" అంది. మైకు పొట్టి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నిన్ను తొక్కల మేడం అన్నవాడి నాలిక తెగ్గొయ్యాలి" అంది. ఆ పేరుని ఊళ్ళో ప్రచారం చేసిందే ఆవిడ కాబట్టి అందరూ పడీపడీ నవ్వారు.

మర్నాడు పేపరులో ఫోటో పడింది. కాలేజీ ప్రిన్సిపాల్ పొట్టిని తన గదికి పిలిపించుకుని, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ తర్వాతి మూడు రోజులూ పొట్టి కాళ్ళు నేల మీద ఆనలేదు.

*

ఐదో రోజు మధ్యాహ్నం అక్క ప్రయోగశాల గుమ్మంలో నిలబడి ఉంది.

తొమ్మిదేళ్ళలో అక్క అక్కడికి రావడం అదే మొదటిసారి. ఎన్నిసార్లు రమ్మన్నా, "నా కాళ్ళ బురద మీ గచ్చుకి ఎందుకు" అనేది. ఇప్పుడు చేతిలో బకెట్టు ఉంది. మీద తడిగోనె కప్పి ఉంది. కాళ్ళు కడుక్కోకుండానే వచ్చింది.

"ఇవి చూడవే పొట్టీ" అంది.

పొట్టి గోనె తీసింది. బకెట్టు నిండా ఆల్చిప్పలు. అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. బతికున్న చిప్పని వేలితో తడితే టక్కున మూసుకుంటుంది. పొట్టి ఒకదాన్ని తట్టింది. మూసుకోలేదు. ఇంకొకదాన్ని తట్టింది. ఇంకొకటి. బకెట్టులో చెయ్యి పెట్టి అడుగు దాకా వెళ్ళి తీసి, బల్ల మీద పెట్టి ఒక్కొక్కదాన్నీ తట్టుకుంటూ పోయింది. లోపలి మాంసం బూడిదరంగులోకి తిరిగి, దాని మీద సన్నటి నల్లటి గీతలున్నాయి. అప్పుడే వాసన మొదలైంది.

"ఎక్కడివి?" అంది, తెలిసి కూడా.

"ఎక్కడ పడితే అక్కడివే. నిన్న కొన్ని కనబడ్డాయి. ఇవాళ మేటంతా ఇంతే." అక్క గొంతులో కోపం లేదు. జ్వరమొచ్చిన బిడ్డని డాక్టరుకి చూపించేటప్పుడు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడుతోంది. "దీనికేమైనా మందుందా?"

పొట్టి చేతిలోని చిప్పని బల్ల మీద పెట్టేసింది. బల్లకి ఆనుకుని నిలబడింది. అక్క ఆమె ముఖం చూసింది. ఇంక అడగలేదు. బల్ల మీది చిప్పలన్నీ తిరిగి బకెట్టులో వేసి, కొంగుతో బల్ల తుడిచి, గోనె కప్పింది.

"నువ్వు అన్నం తిన్నావా?" అంది.

*

విచారణ పురపాలక కార్యాలయం పైఅంతస్తులో జరిగింది. కాలుష్యం సంగతులు చూసే అధికారిణి ఒకావిడ పెద్ద ఊరి నుంచి వచ్చింది. చిప్పల ఆడవాళ్ళు కుర్చీలు చాలక గోడ వారన నిలబడ్డారు. పొట్టి ముందు వరసలో, ప్రిన్సిపాల్ పక్కన కూర్చుంది.

అధికారిణి మంచి మనిషే. గొంతు పెంచలేదు. "మీ మందు విషం కాదు, నేను పరీక్ష చేయించాను" అంది పొట్టితో. "దానంతట అది చీమకి కూడా హాని చెయ్యదు. కానీ నూనె పైన తేలుతూ ఉంటే చిప్పలు బురదలో నోరు మూసుకుని కొన్ని రోజులు గడిపేసేవి. ఆటులో సగం సముద్రంలోకి పోయేది. మేట మీద మిగిలింది పారలతో గీకి ఎత్తేసేవాళ్ళం. కొన్ని చచ్చేవి, చాలా బతికేవి. మీరు పైనున్న నూనెని బొట్లు బొట్లుగా చేసి తీసుకెళ్ళి వాటి నోట్లో పెట్టారు. అవి నీటిని వడకట్టుకుని తినే ప్రాణులు కదమ్మా. మీకు తెలియనిది కాదు."

ఆవిడ కొత్త కాగితం ముందుకు లాక్కుంది.

"చల్లాలని నిర్ణయించింది ఎవరు? లోతు తక్కువని ముందే ఎవరైనా హెచ్చరించారా?" అని అడిగి, అధికారిణి కలం తీసింది.

పొట్టి లేవబోయింది. ఆమె కంటే ముందు, వెనక గోడ దగ్గర నుంచి అక్క గొంతు వినిపించింది.

"నేనేనండీ."

అందరూ వెనక్కి తిరిగారు. అక్క రెండడుగులు ముందుకొచ్చింది. "మా చెల్లి వద్దందండీ. లోతు తక్కువ, చల్లకూడదక్కా అని చెప్పింది. నేనే వినిపించుకోలేదు. చల్లి తీరాలని పట్టుబట్టాను. నన్ను కాదనలేక చల్లింది. తప్పు నాది."

పొట్టి నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. 'కాదండీ, నేను వద్దనలేదు' అంటే చాలు. ప్రిన్సిపాల్ ఆమె వైపు చూడకుండానే, "కూర్చోండి" అని నెమ్మదిగా అన్నాడు. పొట్టి నిజానికి ఇంకా లేవనేలేదు. అక్క అన్నదాంట్లో అంతా అబద్ధం కాదు కదా, లోతు తక్కువ అని తను అంది కదా అని ఒక ఆలోచన వచ్చింది. అక్కకి పోయే ఉద్యోగమేముంది, తను ఉద్యోగంలో ఉంటేనే అక్కని కూడా చూసుకోగలదు అని ఇంకొకటి వచ్చింది. ఇలా ఆలోచనలు వస్తూనే ఉన్నాయి. అధికారిణి కలం కాగితం మీద నడుస్తూనే ఉంది. కాసేపటికి అది ఆగింది. పేజీ తిప్పారు. వేరే ప్రశ్నకి వెళ్ళారు.

తెరిచిన నోరు పొట్టి మూసుకుంది.

*

పొట్టికి జాగ్రత్తగా ఉండమని ఒక ఉత్తరం వచ్చింది, అంతే. అక్కకి ఏ ఉత్తరమూ రాలేదు. ఆమెకి రావలసింది వేరే రకంగా వచ్చింది.

ఇరవై మంది ఆడవాళ్ళకి పని పోయింది. కొందరు ఇళ్ళలో పాచిపనికి కుదిరారు, కొందరు మిల్లుకి పోయారు. కుళాయి దగ్గరికి అక్క వస్తే మిగతావాళ్ళు బిందెలెత్తుకుని వెళ్ళిపోయేవారు. పాతికేళ్ళు పక్కపక్కన బురద తొక్కినవాళ్ళు ముఖం చాటేశారు. మైకు నడివీధిలో నిలబెట్టి కడిగేసింది. "అంత చదువుకున్న పిల్ల వద్దంటే నీకేం పోయేకాలం వచ్చింది? నీ పట్టుదలకి మా అందరి కడుపులూ కొట్టావు" అంది. ఆ గొంతు ఎంత దూరం వినపడుతుందో అందరికీ తెలుసు.

పొట్టికి ఇవన్నీ బావ చెప్పాడు. చెప్పి, "నేను మాత్రం మీ పక్కనే ఉన్నా కదమ్మా ఆ రోజు గట్టు మీద. నువ్వన్నది విన్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటా అని, లాంచీ తాడు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పొట్టి అక్క ఇంటికి వెళ్ళింది. అక్క పాత చీరలో గిన్నెలు మూటకడుతోంది. బావకి వేరే రేవులో పని దొరికిందట, పడవలో ఒక పగలంతా ప్రయాణం.

"ఎందుకబద్ధం చెప్పావక్కా?"

"అబద్ధమేముందే? నేనడిగాను, నువ్వు చల్లావు."

"నేను వద్దనలేదు."

"తెలుసు." అక్క ముడి బిగించింది. "నీ కళ్ళు ఎలా మెరిశాయో చూశాను కదా. చిన్నప్పుడు బొమ్మల కొట్టు ముందు మెరిసినట్టు మెరిశాయి. అప్పుడు కొనివ్వలేకపోయాను. ఇదైనా దక్కనీలే అనిపించింది. తప్పు ఇద్దరిదీ. ఇద్దరిలో ఒకళ్ళు మోస్తే సరిపోతుందిగా, ఇద్దరూ మునగడమెందుకు?"

పొట్టి ఏడ్చింది. అక్క దగ్గరికి రాలేదు. గోడ పక్కన ఉన్న ఇంకో గిన్నె తీసుకుని మూటలో దూర్చింది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఒక్క సంగతి చెప్తాను, బాధపడకు. ఆ హాల్లో నేను మాట్లాడాక, నువ్వు లేచి కాదంటావేమో అని చూశాను. చెప్పకపోతేనే మంచిదనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, చెప్పకూడదనే అనుకున్నాను. అయినా చూశానే."



*

వాళ్ళు వెళ్ళిపోయిన వారానికి పొట్టి అధికారిణికి ఉత్తరం రాసింది. ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసింది. నియమం తనకి తెలుసని, వద్దనలేదని, పనిచేస్తుందని తనే చెప్పిందని రాసి సంతకం పెట్టింది. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించకుండా మాట్లాడాడు. ప్రయోగశాలకి ఏడాది పాటు తాళం పడింది. ఏడాదీ ఆవిడ పిల్లలకి పాఠాలు మాత్రమే చెప్పింది. గేటు దగ్గరికి ఈగలు రావడం మానేశాయి.

ఉత్తరం రాశాక ఇల్లిల్లూ తిరిగింది. అక్కది పోగా పంతొమ్మిది ఇళ్ళు. గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది: "మా అక్క తప్పు లేదు. నేను వద్దనలేదు. చల్లాలని నాకే ఉంది." కొందరు విని తలుపేసుకున్నారు. కొందరు మంచినీళ్ళిచ్చారు. ఒక ముసలావిడ, "పోనీలేమ్మా, ఏం చేస్తాం" అంది. అది అన్నిటికంటే కష్టమనిపించింది.

మైకు ఇంటికి చివర్న వెళ్ళింది. మైకు గుమ్మానికి ఆనుకుని అంతా వింది.

"ఇప్పుడా వచ్చి చెప్పేది?" అంది చివరికి. అరవలేదు. "వెళ్ళే ముందు రోజు మీ అక్క ఈ గుమ్మంలోనే నిలబడింది, వెళ్ళొస్తానని చెప్పడానికి. ముఖం మీద తలుపేశాను. పాతికేళ్ళు ఒక గిన్నెలో తిన్నాం మేమిద్దరం. ఇప్పుడు నేనేం చెయ్యను? చెప్పు, చదువుకున్నదానివిగా. నేనేం చెయ్యను?"

పొట్టి అక్క ఫోను నంబరు ఒక కాగితం మీద రాసిచ్చింది. మైకు దాన్ని తీసుకుంది. ఫోను చేసిందో లేదో పొట్టి ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అక్కకి ఆ కొత్త ఊళ్ళో రొయ్యల ఫ్యాక్టరీలో పని దొరికింది. చలిగదిలో నిలబడి రొయ్యల పొట్టు వలవాలి. ఆదివారం ఆదివారం పొట్టి ఫోను చేసేది. అక్క బావ దగ్గు గురించి చెప్పేది, ఇంటి కప్పు కారడం గురించి చెప్పేది, రబ్బరు బూట్లు వేసుకుంటే కాళ్ళు నానవని మెచ్చుకునేది. ఏటి గురించి అడిగేది కాదు. "ఉత్తరం రాశానక్కా, అందరికీ చెప్పాను" అని పొట్టి అంటే, "అంత పని ఎందుకు చేశావే, ఉద్యోగానికేం కాలేదు కదా" అంది. తిరిగి వచ్చెయ్యమని పొట్టి ఒకసారి అడిగింది. "వచ్చి?" అంది అక్క. వెటకారంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. ఆ తర్వాత పొట్టి మళ్ళీ అడగలేదు.

తాళం తీశాక పొట్టి మళ్ళీ తొక్కలు రుబ్బింది. ఇంకేం చెయ్యాలో తెలియక రుబ్బింది. మూడో ఏడు, ఒడ్డుకి చాలా దూరంలో, నడిసముద్రంలో ఒక ఓడ పగిలింది. ఆ అధికారిణే ఫోను చేసి, "లోతు నలభై బారలుందమ్మా, మీ మందు పంపిస్తారా?" అని అడిగింది. పంపించింది. తను మాత్రం వెళ్ళలేదు. నూనె ఒడ్డు చేరకుండానే విడిపోయింది. టీవీలో చూపించారు. హెలికాప్టర్ నుంచి తీసిన బొమ్మ, నల్లటి పెద్ద మరక, తర్వాత నీలం రంగు. కాలేజీ పేరు చెప్పారు. పొట్టి స్టాఫ్ గదిలో పిల్లల జవాబుపత్రాలు దిద్దుతూ, తల ఎత్తకుండా విన్నది.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. వెనక ఫ్యాక్టరీ మోత వినిపిస్తోంది.

"టీవీలో చూశానే! నీదేగా ఆ మందు?"

"నాదే అక్కా."

"నేను గుర్తుపట్టాను. నీళ్ళు ఎలా తేటపడ్డాయో చూసి గుర్తుపట్టాను. ఇక్కడ నాతో పనిచేసే వాళ్ళందరికీ చెప్పాను, అది మా చెల్లెలు చేసిందే అని. ఒక్కత్తీ నమ్మలేదు."

"ఎందుకు?"

"చెల్లెలు అంత గొప్పదైతే నువ్విక్కడ చలిలో రొయ్యలు వలుచుకోవడమేంటే అన్నారు." అక్క పడీపడీ నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. "నిజమే కదా అనిపించింది నాక్కూడా. అదిగో, బెల్లు కొట్టారు. చేతులు గడ్డకట్టకముందే వెళ్ళాలి. వేళకి తిను, పొట్టీ."

ఫోను పెట్టేసింది. పొట్టి ఆ ఫోనుని చెవి దగ్గరే పెట్టుకుని, కాలేజీ వరండాలో, పిల్లలు ఆమెని తప్పించుకుని తరగతుల్లోకి వెళ్ళిపోతూ ఉంటే, నిలబడి ఉంది.